బొటనవేలు ఎందుకు తప్పించుకుంటుంది: నర్సు చేతుల శుభ్రత వెనక లెక్క

అన్నం తిని లేచాక చెయ్యి కడుక్కునే తీరు గమనించండి. కుడి అరచేతి మీద నీళ్ళు పడతాయి. బొటనవేలు మిగతా వేళ్ళ కొసల మీద నాలుగైదుసార్లు ఆడుతుంది. మెతుకులు పోయాయి, జిడ్డు పోయింది, పని అయిపోయింది. చెయ్యి వెనకవైపు, మణికట్టు, ఎడమ చెయ్యి ఈ లెక్కలోకి రావు. రావాల్సిన అవసరమూ లేదు, పప్పూ కూరా అక్కడ అంటలేదు కదా. అదే మనిషిని సబ్బుతో రెండు చేతులూ కడుక్కోమంటే అరచేతికి అరచెయ్యి రుద్ది, నురగ రాగానే నీళ్ళు పోసుకుని, పక్కనున్న తువ్వాలుకి తుడిచేస్తారు. మహా అయితే పది సెకన్లు.

నర్సింగ్‌లో చేరే అమ్మాయికి ఈ అలవాటు పద్దెనిమిదేళ్ళ పాతది. మొదటి ఏడాదిలోనే చేతులు కడుక్కునే మెట్లు నేర్పుతారు, ప్రాక్టికల్స్‌లో చేయించి మార్కులు వేస్తారు. తీరా వార్డు డ్యూటీలో పడి, రద్దీ పెరిగే కొద్దీ, చెయ్యి మళ్ళీ తన పాత దారే పడుతుంది. దీన్ని బద్ధకం అని కొట్టిపారేస్తే అసలు విషయం చేజారిపోతుంది. ఇంట్లో చేతులు కడుక్కునేది మన కోసం, కంటికి కనబడే మురికి పోవడానికి. వార్డులో కడుక్కునేది చాలావరకు మంచం మీదున్న మనిషి కోసం, కంటికి ఆనని వాటి కోసం. ఎక్కడ రుద్దాలి, ఎంతసేపు రుద్దాలి, ఎప్పుడు రుద్దాలి అన్న ప్రతి నియమమూ ఈ తేడా నుంచే పుట్టింది. తప్పులు కూడా ఈ తేడా మరిచినచోటే జరుగుతాయి.

కాపురమున్నవీ, చుట్టపు చూపుగా వచ్చినవీ

చేతి మీది సూక్ష్మజీవులు రెండు రకాలని 1938లో ప్రైస్ అనే అమెరికన్ సర్జన్ విడదీసి చెప్పాడు. ఒక రకం చర్మం లోపలి పొరల్లో, వెంట్రుకల మొదళ్ళలో కాపురముంటాయి. వీటిని పూర్తిగా వదిలించుకోవడం ఎవరి వల్లా కాదు, మామూలుగా వీటివల్ల ప్రమాదమూ తక్కువే. రెండో రకం పైపైన అంటుకునేవి. ఒక రోగి ఒంటి మీద నుంచో, మంచం కమ్మీ మీద నుంచో చుట్టపు చూపుగా వచ్చి, తర్వాత ముట్టుకున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాయి. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లకి ఎక్కువగా కారణం ఈ రెండో రకమే. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, పైపైన ఉన్నవి కాబట్టి మామూలు సబ్బు, నీళ్ళు, రాపిడికే ఇవి ఊడిపోతాయి. వార్డులో చేసే రోజువారీ చేతుల శుభ్రత గురి అంతా వీటి మీదే. ఆపరేషన్ థియేటర్‌లో మోచేతుల దాకా రెండు నుంచి ఐదు నిమిషాలు చేసే స్క్రబ్ సంగతి వేరు. అక్కడ కాపురమున్న వాటిని కూడా వీలైనంత తగ్గించాలి, చిరిగిన గ్లౌజు లోంచి అవి కోసిన గాయంలోకి దిగకుండా.

మరి ఈ చుట్టాలు ఏ పని చేస్తే వస్తాయి? చీము తుడిచినప్పుడు, బెడ్‌పాన్ తీసినప్పుడు వస్తాయని ఎవరైనా చెబుతారు. 1977లో కేస్‌వెల్, ఫిలిప్స్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు ఒక ఐసీయూలో నర్సుల చేతులు పరీక్షించి చూస్తే, రోగిని పైకి జరపడం, నాడి పట్టుకోవడం, బీపీ చూడడం లాంటి పనులకే ఒక్కో చేతికి వంద నుంచి వెయ్యి దాకా క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా అంటుకున్నాయి. ఇవన్నీ ‘శుభ్రమైన’ పనులు. చెయ్యి తడవలేదు, వాసన లేదు, మరక లేదు. నాడి చూసి పక్క మంచానికి వెళ్ళే ముందు చేతులు కడుక్కోవాలని ఎవరికీ తోచని పనులు ఇవే.

వేలి కొసలూ, బొటనవేలూ

1978 సంవత్సరం ఈ కథలో రెండుసార్లు వస్తుంది. ఆ ఏడాది బ్రిటన్‌లో టేలర్ అనే పరిశోధకురాలు నర్సుల చేత రంగు ద్రవంతో చేతులు ‘కడిగించి’, రంగు అంటని చోట్లు ఎక్కడెక్కడ మిగిలాయో బొమ్మ గీసింది. అరచేతులు బాగానే ఉన్నాయి. బొటనవేళ్ళు, వేలి కొసలు, వేళ్ళ సందులు మాత్రం ఎక్కువమందికి మిగిలిపోయాయి. నర్సింగ్ శిక్షణలో ఇప్పటికీ చూపించే చేతి బొమ్మ, మిగిలిపోయే చోట్లకి ముదురు రంగు వేసింది, ఆ పనికి వారసత్వమే. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో ఎయిలిఫ్ బృందం చేతుల శుభ్రతని పరీక్షించడానికి ఒక ఆరు కదలికల పద్ధతి రాసిపెట్టింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పోస్టర్ల మీదకి ఎక్కిందీ, మన ఆసుపత్రుల సింకుల పైన అతికించి ఉండేదీ దాదాపు అదే.

బొటనవేలు ఎందుకు తప్పించుకుంటుందో చేతులు కలిపి చూసుకుంటే అర్థమవుతుంది. రెండు అరచేతులు ఆనించి రుద్దినప్పుడు నాలుగు వేళ్ళూ ఒకే తలంలో ఉంటాయి. బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుంది. నురగ దాన్ని తాకుతుంది తప్ప ఏదీ దాని మీద రాసుకోదు. అందుకే దాన్ని రెండో చేతి గుప్పిట్లో పట్టుకుని, తాళంచెవి తిప్పినట్టు తిప్పాలి. వేలి కొసలదీ అదే సమస్య. అరచేతులు రాసుకుంటుంటే కొసలు గాల్లోనే ఉంటాయి. వాటిని దగ్గరికి చేర్చి, ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దితేనే గోటి కిందికి సబ్బు వెళ్తుంది. చెయ్యి వెనకవైపు, వేళ్ళ సందులు, మడిచిన వేళ్ళ కణుపులు... ఒక్కో కదలికా చేతి ఆకారంలో ఒక్కో మరుగు చోటు కోసం పుట్టింది.

ఇప్పుడు సిస్టర్ పని ఏ వేళ్ళతో జరుగుతుందో ఆలోచించండి. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టాన్ని, అంటే క్యాన్యులాని, పట్టుకునేది బొటనవేలూ చూపుడువేలూ. నరం వెతికేది వేలి కొసలు. సిరంజి హబ్, సెలైన్ సెట్ కనెక్టర్, క్యాథెటర్ మొన, పసిపిల్ల బొడ్డు, అన్నిటికీ తగిలేవి ఇవే. అరచెయ్యి రోగికి తగిలేది ఎక్కువగా ఒళ్ళు తుడిచేటప్పుడో, పక్కకి తిప్పేటప్పుడో. అంటే మామూలు అలవాటులో బాగా శుభ్రమయ్యే భాగం పనిలో తక్కువ ప్రమాదకరమైనది, శుభ్రం కాని భాగం నేరుగా రక్తంలోకి దారి తెరిచేది. ఆరు మెట్లలో ఏదో ఒకటి హడావిడిలో ఎగిరిపోతుందని తెలిస్తే, అరచేతుల రుద్దుడు తగ్గించుకుని అయినా చివరి రెండు మెట్లూ నిలుపుకోవడం మేలు. పోస్టర్ వరుస మాత్రం దీనికి ఉల్టా. బొటనవేలూ కొసలూ చివర్లో వస్తాయి, ఎవరైనా పిలిస్తే ముందు తెగిపోయేవి అవే.

ఇంకో విచిత్రం. కుడిచేతి వాటం వాళ్ళకి కుడి చెయ్యే సరిగా శుభ్రపడదు. దాన్ని రుద్దాల్సింది ఎడమ చెయ్యి కదా, దానికి నేర్పు తక్కువ. పనంతా చేసేది కుడి చెయ్యే కాబట్టి ఎక్కువ అంటేదీ దానికే.

మన దేశంలో శిక్షణలో ‘సుమన్-కె’ అని ఒక గుర్తు నేర్పుతారు. సీధా, ఉల్టా, ముఠ్ఠీ, అంగూఠా, నాఖూన్, కలాయీ. హిందీ మాటలే అయినా మన ఏఎన్ఎంలకూ ఆశాలకూ ఇది అలవాటైంది. తెలుగులో చెప్పుకుంటే అరచెయ్యి, వెనకవైపు, పిడికిలి, బొటనవేలు, గోళ్ళు, మణికట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పోస్టర్‌లో మణికట్టు లేదు, మన దానిలో ఉంది. గ్లౌజు అంచు మణికట్టు దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఈ చేర్పు దండగ కాదు. వేళ్ళ సందుల మాట మాత్రం ‘సుమన్-కె’లో విడిగా వినిపించదు. నేర్పేవాళ్ళు దాన్ని కలిపి చెప్పాలి.

ఆరు మెట్లూ అవసరమా, మూడు చాలవా అన్న ప్రశ్నా వచ్చింది. గ్లాస్గోలో జరిగి 2016లో వెలువడిన ఒక పరీక్షలో, హ్యాండ్ రబ్‌తో (నీళ్ళు లేకుండా చేతులకి రాసుకునే ఆల్కహాల్ ద్రవం) ఆరు మెట్లు చేసినవాళ్ళ చేతుల మీద బ్యాక్టీరియా మూడు మెట్ల వాళ్ళకంటే ఎక్కువగా తగ్గింది. సమయం కూడా ఎక్కువ పట్టింది, సుమారు 42 సెకన్లు, రెండోవాళ్ళకి 35. దానికన్నా ఆసక్తికరమైనది మరొకటి. మెట్ల పోస్టర్ కళ్ళెదుటే ఉండి, పక్కన ఒకరు నిలబడి చూస్తున్నా, ఆరు మెట్లూ పూర్తి చేసినవాళ్ళు 65 శాతమే. ఎవరూ చూడని నైట్ డ్యూటీ సంగతి ఊహించుకోవచ్చు.

నీళ్ళ దగ్గర చిన్నవిగా కనబడే తప్పులు

ముందు చేతులు తడుపుకుని తర్వాత సబ్బు తీసుకోవాలి. పొడి చేతి మీద సబ్బు పడితే చర్మాన్ని ఎక్కువగా గీరుతుంది, రోజుకి నలభైసార్లు అలా జరిగితే పగుళ్ళు వస్తాయి. నీళ్ళు వేడిగా ఉంటే సూక్ష్మజీవులు ఎక్కువ పోతాయన్నది అపోహ. చెయ్యి భరించగలిగే వేడికి అవి చావవు, చర్మంలోని నూనె మాత్రం పోతుంది. మొదలుపెట్టి ఆరబెట్టుకునే దాకా మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. సబ్బు చేసే పని చంపడం కన్నా వదిలించడం. దాని అణువుకి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, మరో కొస నీటిని. జిడ్డుతో కలిసి అంటుకున్న సూక్ష్మజీవిని పైకి లేపి నీళ్ళలో కలిపేస్తుంది. ఆ లేపడానికి రాపిడీ కావాలి, వ్యవధీ కావాలి, తర్వాత కడుక్కుపోవడానికి పారే నీళ్ళూ కావాలి.

పారే నీళ్ళు అన్న మాట ముఖ్యం. సబ్ సెంటర్లో కుళాయి రాకపోతే బకెట్లో చెయ్యి ముంచడం కన్నా, ఎవరో ఒకరు మగ్గుతో పోయడం మంచిది. పాత రోజుల్లో వార్డు ముందు బేసిన్‌లో సావ్లాన్ నీళ్ళు పెట్టి, వచ్చేవాళ్ళంతా అందులోనే వేళ్ళు ముంచి తీసేవారు. పల్చబడ్డ యాంటీసెప్టిక్‌లో కొన్ని బ్యాక్టీరియాలు బతకడమే కాదు, పెరుగుతాయి కూడా. మందు నీళ్ళనుకున్నది మురికి పంపకమైంది. సగం అయిపోయిన లిక్విడ్ సోప్ డబ్బాలోనే మళ్ళీ కొత్త సబ్బు నింపడం కూడా ఇలాంటిదే. డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఆరాక నింపాలి. బిళ్ళ సబ్బయితే నీళ్ళు నిలవని జాలీ పెట్టెలో చిన్న ముక్కలుగా ఉంచాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యం జరిగేది తుడుచుకోవడం దగ్గర. తడి చెయ్యి పొడి చేతికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా సూక్ష్మజీవుల్ని ఇస్తుంది, పుచ్చుకుంటుంది. కడిగిన వెంటనే తడిచేత్తో తలుపు గడియ పట్టుకుంటే నిమిషం శ్రమ వృథా. ప్రభుత్వ వార్డుల్లో సింకు పక్క మేకుకి వేలాడే ఒకే ఒక్క తువ్వాలు, పొద్దున్నించి సాయంత్రం దాకా అందరి చేతులూ తుడుస్తూ, ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దానికి తుడుచుకోవడం కన్నా గాలికి ఆరబెట్టుకోవడం నయం. చీర కొంగుకో ఏప్రాన్‌కో తుడుచుకోవడమూ అంతే. చిన్న చిన్న బట్ట ముక్కలు ఉతికించి, ఒక్కొక్కటి ఒక్కసారే వాడి తొట్టిలో వేసే ఏర్పాటుకి పెద్ద ఖర్చేం కాదు. కుళాయి కట్టేసేది కూడా ఆ గుడ్డతోనే, లేదా మోచేత్తో. మురికి చేత్తో తిప్పిన కుళాయిని కడిగిన చేత్తో మళ్ళీ తిప్పకూడదు. ప్రసూతి గదుల్లో మోచేతి కుళాయిలు ఉండాలని ప్రభుత్వ ‘లక్ష్య’ ప్రమాణాలు అడిగేది ఇందుకే.

సబ్బా, స్పిరిట్ రబ్బా

వార్డుల్లో ఏ కంపెనీ హ్యాండ్ రబ్‌నైనా చాలామంది స్టెరిలియం అనే అంటారు. మామూలు సందర్భాల్లో, అంటే చేతికి మురికి కనబడనప్పుడు, సబ్బు కంటే అదే మెరుగు. తక్కువ సమయంలో ఎక్కువ సూక్ష్మజీవుల్ని చంపుతుంది, 20 నుంచి 30 సెకన్లు చాలు. ఆల్కహాల్ వాటి ప్రోటీన్లని చెడగొట్టి, కొవ్వు పొరని కరిగిస్తుంది. ప్రోటీన్ చెడడానికి కాస్త నీరు కూడా కావాలి. అందుకే 60 నుంచి 80 శాతం ఆల్కహాల్ ఉన్నది, దాదాపు నూరు శాతం ఉన్న దానికంటే బాగా పనిచేస్తుంది. ఘాటు ఎక్కువైతే పవర్ ఎక్కువ అనుకునే మనస్తత్వానికి ఇది మింగుడుపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాల్లో ఒకదానిలో ఇథనాల్ 80 శాతం, గ్లిజరిన్ 1.45 శాతం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125 శాతం ఉంటాయి. పెరాక్సైడ్ చేతి కోసం వేసింది కాదు, సీసాలోనే దాగి ఉండగల స్పోర్లని, అంటే గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియాని, చంపడానికి. తయారుచేశాక 72 గంటలు ఆగి వాడమనేదీ అందుకే.

రబ్ వాడకంలో రెండు తప్పులు మామూలు. ఒకటి, బొట్టంత తీసుకోవడం. అరచేతి గుంట నిండాలి, సుమారు 3 మిల్లీలీటర్లు. రెండోది, తడి ఆరకముందే విదిలించడం, లేదా యూనిఫామ్‌కి రాసేసుకుని గ్లౌజు వేసుకోవడం. చేతి మీద ఆరేంతసేపే అది పనిచేసేది. ఆరకముందే తుడిచేస్తే మందు మింగకుండా ఉమ్మేసినట్టే.

ఇక రబ్ పనికిరాని చోట్లు. రక్తం, మలం, చీము కనబడుతుంటే సబ్బూ నీళ్ళే. ఆ పదార్థం సూక్ష్మజీవి చుట్టూ గోడలా నిలుస్తుంది, ఆల్కహాల్ లోపలికి వెళ్ళలేదు. యాంటీబయాటిక్స్ తర్వాత విరేచనాలు పట్టుకునే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. నోరో వైరస్ లాంటి కొవ్వు పొర లేని కొన్ని వైరస్‌ల మీదా అది అంతంతమాత్రమే. ఇలాంటివాటిని చంపే ప్రయత్నం మాని, రుద్ది, కడిగి, నీళ్ళలో పంపేయడమే దారి. విరేచనాల రోగి దగ్గర సబ్బు వాడమనే నియమానికి కారణం ఇది.

సబ్బుతో కడిగి, ఆ వెంటనే భరోసా కోసం రబ్ కూడా రాసుకునేవాళ్ళున్నారు. రెండూ ఒకసారే అక్కర్లేదు, చర్మం దెబ్బతింటుంది. రబ్ మంట పుట్టిస్తుంది కాబట్టి అదే చర్మాన్ని పాడుచేసిందని చాలామంది నమ్మకం. నిజానికి నూనె లాగేసి సన్నని పగుళ్ళు తెచ్చేది ఎక్కువగా సబ్బే, ఆల్కహాల్ ఆ పగుళ్ళని బయటపెడుతుందంతే. పగిలిన చర్మం మీద సూక్ష్మజీవులు ఎక్కువగా చేరతాయి, కడిగినా పోవు, పైగా మంటకి భయపడి కడగడమే తగ్గుతుంది. అందువల్ల డ్యూటీ అయ్యాక చేతులకి క్రీము రాసుకోవడాన్ని సోకు కింద లెక్కేయకూడదు. పెట్రోలియం జెల్లీ రకాలు లేటెక్స్ గ్లౌజుని బలహీనం చేస్తాయి కాబట్టి డ్యూటీలో మాత్రం అవి వద్దు.

ముందూ, తర్వాతా

2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చిన ఐదు సందర్భాలు నర్సులందరికీ కంఠతా వస్తాయి. రోగిని తాకే ముందు, క్యాన్యులా పెట్టడం లాంటి శుభ్రమైన ప్రక్రియకి ముందు, రక్తం లాంటి శరీర ద్రవాలు తగిలిన తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి చుట్టుపక్కల వస్తువుల్ని తాకిన తర్వాత. రెండు ‘ముందు’లు, మూడు ‘తర్వాత’లు. ఎక్కడ లెక్కలు తీసినా ‘తర్వాత’ కడిగేవాళ్ళు ఎక్కువ, ‘ముందు’ కడిగేవాళ్ళు తక్కువ. అసహ్యమో భయమో కలిగితే చెయ్యి తనంతట తానే సింకు వైపు వెళ్తుంది. క్యాన్యులా పెట్టబోయే ముందు అసహ్యం ఏముంటుంది? రోగికి ప్రమాదం ఎక్కువ ఉన్న క్షణంలో నర్సుకి ఏమీ అనిపించదు. ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాటు ఇక్కడే అడ్డం పడుతుంది. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ‘చేతుల శుభ్రత మిమ్మల్ని జబ్బుల నుంచి కాపాడుతుంది’ అన్న బోర్డు పెద్దగా పనిచేయలేదు, ‘రోగుల్ని కాపాడుతుంది’ అన్న బోర్డు పెట్టినచోట సబ్బు వాడకం పెరిగింది. మన ఆసుపత్రుల్లో ఇంకా మొదటి రకం బోర్డులే ఎక్కువ.

చూపుని నమ్మితే ఏమవుతుందో వియన్నా జనరల్ హాస్పిటల్ చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. వైద్య విద్యార్థులున్న మొదటి దానిలో బాలింతల మరణాలు సుమారు పదిశాతం, మంత్రసానులు శిక్షణ పొందే రెండో దానిలో నాలుగు. విద్యార్థులు శవపరీక్షలు చేసి, సబ్బుతో చేతులు కడుక్కునే వచ్చేవారు. చేతులు తెల్లగానే ఉండేవి, వాసన మాత్రం పోయేది కాదు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆ వాసనని పట్టుకున్నాడు. 1847 మేలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడగాలని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్‌కి రెండు శాతానికి వచ్చాయి. అయితే అక్టోబర్‌లో మరో దెబ్బ. గర్భాశయ క్యాన్సర్‌తో స్రావం అవుతున్న ఒక స్త్రీని మొదటి మంచం మీద పడుకోబెట్టారు. పరీక్షలు ఆమెతో మొదలై వరుసగా సాగేవి. శవాల గది నుంచి వచ్చినప్పుడు కడిగిన చేతుల్ని, ఒక రోగికీ మరో రోగికీ మధ్య సరిగా కడగలేదు. ఆమెతోపాటు ఉన్న 12 మందిలో 11 మంది చనిపోయారు. శవం నుంచే కాదు, బతికున్న మనిషి నుంచి కూడా చెయ్యి మృత్యువుని మోస్తుందని అప్పుడు తెలిసింది. మంచానికీ మంచానికీ మధ్య చేతుల శుభ్రత అన్న నియమం వెనక ఆ పదకొండు మంది ఉన్నారు.

ఐదో సందర్భం, చుట్టుపక్కల వస్తువులది, అతిగా అనిపించవచ్చు. రోగిని తాకలేదు, సెలైన్ స్టాండ్ జరిపామంతే. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల నవజాత శిశువుల విభాగాల మీద 2016లో వెలువడిన అధ్యయనంలో, పసిపిల్లల రక్తంలో ఎక్కువగా కనిపించిన బ్యాక్టీరియా అసినెటోబ్యాక్టర్. పొడి వస్తువుల మీద రోజులు, ఒక్కోసారి నెలల తరబడి బతకగలగడం దాని ప్రత్యేకత. మంచం కమ్మీ, మానిటర్ బటన్, వార్మర్ అంచు, కేస్ షీట్ అట్ట, జేబులో సెల్‌ఫోన్... వీటిలో ఏది తాకినా రోగిని తాకినట్టే.

గ్లౌజుల దగ్గర ఇంకో మోసం ఉంది. వేసుకున్నాక చేతులు శుభ్రంగా ఉన్నట్టు మనసుకి అనిపిస్తుంది, నిజానికి శుభ్రమని చెప్పుకోగలిగితే అది గ్లౌజు లోపలి వైపే, అదీ పూర్తిగా కాదు. ఒకే జత వేసుకుని నాలుగు మంచాలు తిరిగితే ఉత్త చేతులతో తిరిగినట్టే, ఇంకా ఘోరం కూడా, ఎందుకంటే ఉత్త చెయ్యయితే ఎప్పుడో ఒకప్పుడు కడగాలనిపిస్తుంది. కంటికి కనబడని చిల్లులుంటాయి, తీసేటప్పుడు బయటివైపు చేతికి తగులుతుంది, లోపలి చెమటకి సూక్ష్మజీవులు పెరుగుతాయి. గ్లౌజు తీసిన ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి.

గాజులూ గోళ్ళూ

ఉంగరం కింద చర్మం మీద సూక్ష్మజీవులు పక్క చర్మం కన్నా ఎక్కువగా ఉంటాయి. సబ్బు ఆ కిందికి వెళ్ళదు, తడి ఆరదు. గాజులదీ వాచీదీ అదే ఇబ్బంది. బ్రిటన్‌లో మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమం ఉంది, సాదా పెళ్ళి ఉంగరానికి మాత్రం మినహాయింపు. ఆ దేశానికి వెళ్ళిన తెలుగు సిస్టర్లకి మొదటి రోజే ఇది ఎదురవుతుంది. ఇక్కడ పెళ్ళయిన స్త్రీ చేతులు బోసిగా ఉండడం మీద ఇంట్లో గొడవలవుతాయి. డ్యూటీకి ముందు తీసి, ఇంటికి వెళ్ళాక వేసుకుంటామంటే ఒప్పుకునే అత్తగార్లు పెరిగారనుకోవాలి. గోళ్ళ విషయంలో మాత్రం రాజీకి తావు లేదు. అర సెంటీమీటరు మించకూడదు, అంటించుకునే గోళ్ళు అసలే వద్దు. 1997-98లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో ఒక నవజాత శిశువుల ఐసీయూలో 46 మంది పిల్లలకి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకి, 16 మంది చనిపోయారు. దర్యాప్తులో పొడవాటి గోళ్ళకీ, అంటించిన గోళ్ళకీ సంబంధం ఉండవచ్చని తేలింది.

ఇరవై నిమిషాల ప్రశ్న

ఇదంతా విన్న సిస్టర్ అడిగే ప్రశ్న ఒకటే: టైమ్ ఎక్కడిది? ఇది సాకు అనుకుంటే పొరపాటు. ఐసీయూలో గంటకి సగటున 20 సార్లు చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు వస్తాయని పాశ్చాత్య దేశాల పరిశీలనలు చెబుతాయి. సబ్బుతో అయితే ఒక్కోసారికి నిమిషం. గంటలో ఇరవై నిమిషాలు సింకు దగ్గరే, నడక కాక. 1997లో వోస్, విడ్మర్ అనే ఇద్దరు దీన్నే లెక్క కట్టారు. 12 మంది పనిచేసే ఐసీయూలో ఒక షిఫ్టులో సబ్బుతో నియమం పూర్తిగా పాటిస్తే 16 గంటల పని సమయం పోతుంది, మంచం పక్కన రబ్ ఉంటే 3 గంటలే. పాటించడం అసాధ్యమైన నియమం పెట్టి, పాటించలేదని మెమో ఇవ్వడం అన్యాయం.

జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డిడియే పిటే బృందం చేసింది ఈ ముడి విప్పడమే. రబ్ సీసాలు రోగి మంచం దగ్గరికి తెచ్చారు, పోస్టర్లు సిబ్బంది చేతే రూపొందించారు, ఎంతమంది పాటిస్తున్నారో కొలిచి వాళ్ళకే చూపించారు. 1994లో 48 శాతం ఉన్న ఆచరణ 1997కి 66కి పెరిగింది. ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు దాదాపు అదే కాలంలో 16.9 శాతం నుంచి 9.9కి తగ్గాయి. అరవై ఆరే, నూరు కాదు. అయినా అంత తేడా.

మన దగ్గర 2015లో మొదలైన ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రత పథకం ‘కాయకల్ప్’ తనిఖీల్లో చేతుల శుభ్రతకి మార్కులుంటాయి. తనిఖీ రోజున సింకు దగ్గర సబ్బూ, గోడ మీద కొత్త పోస్టరూ, ఆరు మెట్లు గడగడా అప్పజెప్పే సిస్టర్లూ ఉంటారు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే అందరూ కడుగుతారు, ఇది ఏ దేశంలోనైనా ఒకటే. చూడని రోజున ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం ఒకటుంది. ప్రతి వెయ్యి రోగి-రోజులకి కనీసం 20 లీటర్ల హ్యాండ్ రబ్ ఖర్చవుతుందా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీయ తనిఖీ పత్రం అడుగుతుంది. అంటే రోగికి రోజుకి 20 మిల్లీలీటర్లు, 3 చొప్పున ఆరేడుసార్లు. ఇది గొప్ప లక్ష్యమేం కాదు. నిండుగా ఉన్న 30 మంచాల వార్డుకి రోజుకి 600 మిల్లీలీటర్లు, నెలకి అర లీటరు సీసాలు 36. ఇండెంట్ పుస్తకం తెరిచి, పోయిన నెల ఎన్ని సీసాలు తీసుకున్నారో చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది.